బిడ్డల రక్షణకు సంఘపు పద్దు

(శతవత్సర కూడికలలో సికింద్రాబాదునందు చేసిన ప్రసంగ పాఠము)



ఉదయమునుండి ఈ పందిరి క్రింద నూరేండ్ల చరిత్ర వినుచున్నాము. పునాదిరాయి ఎవరు వేసిరి, గంట ఎవరు ఇచ్చిరి, ఎవరి జ్ఞాపకార్థము ఎవరు బల్లలు చేయించిరి, అన్నియు చెప్పబడినవి. అవి చెప్పవలసినవే. భోజనము తరువాత మాకు అప్పగింపబడిన అంశము మాత్రము కొంచెము కష్టమైనది. పిల్లలపై జరుగు దౌర్జన్యమును, నిర్లక్ష్యమును జరుగకముందే ఆపు పనులకు డబ్బు ఎక్కడనుండి రావలెను? భోజనము తరువాత డబ్బు మాట ఎత్తిన ప్రసంగీకుని ఎవరును మెచ్చుకొనరని తెలిసియే మొదలుపెట్టుచున్నాము.

"జరుగకముందే" అను మాటను కొంచెము గట్టిగా పట్టుకొనుడి. దెబ్బలు తిన్న బిడ్డను చూచినయెడల మన చేయి దానంతట అదే జేబులోనికి పోవును. అనాథాశ్రమమునకు బియ్యము బస్తా, పండుగకు క్రొత్త బట్టలు, మంచములు, ఫ్యానులు, వాటిమీద దాతల పేర్లు. ఇవన్నియు మన సంఘములు చేయుచునే యున్నవి. అయితే దెబ్బ తినకుండ మిగిలిన బిడ్డకు ఫోటో లేదు. తప్పిపోకుండ ఇంటనే ఉన్న పిల్లవాని గూర్చి పేపరులో వార్త రాదు. కాబట్టి నివారణ పనికి దాతలు దొరకరు. మా అభిప్రాయములో అసలు చిక్కు ఇదే. ప్రజలకు దయ లేకపోవుట చిక్కు కాదు. కనబడని మేలుకు డబ్బు ఇచ్చు అలవాటు మనకు తక్కువ.

ముందు సంగతి ఎంత పెద్దదో చూతము. 2007లో భారత ప్రభుత్వపు స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖవారు పిల్లలపై దౌర్జన్యమును గూర్చి ఒక పెద్ద పరిశీలన ప్రచురించిరి. 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలతో మాటలాడి వ్రాసినది. అప్పటికి ఒకటిగానే యున్న ఆంధ్రప్రదేశ్ కూడ అందులో ఉన్నది. ప్రతి ముగ్గురు పిల్లలలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. ఇండ్లలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతమును కొట్టినది కన్న తల్లిదండ్రులు. 53.22 శాతము పిల్లలు ఏదో ఒక విధమైన లైంగిక దౌర్జన్యమునకు గురియైనట్లు చెప్పిరి. అట్లు చేసినవారిలో సగము మంది బిడ్డకు బాగుగా తెలిసినవారు, ఇంటివారు నమ్మినవారు. ఈ లైంగిక దౌర్జన్యము ఎక్కువగా కనబడిన రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇట్టి అంకెలు శతవత్సర సభలో చదువవలెనా అని ఎవరైనను అడుగవచ్చును. పిల్లలు కూర్చున్న ఆరాధనలో చదువుటకంటె పెద్దలు మాత్రమే ఉన్న ఈ సభలో చదువుట మేలని తలంచితిమి.

దౌర్జన్యము అనగానే మనకు తాగుబోతు తండ్రి, సవతి తల్లి జ్ఞాపకము వచ్చుదురు. సినిమాలు అట్లు నేర్పినవి. నిర్లక్ష్యమునకు మాత్రము అటువంటి దుష్టపాత్ర ఉండదు. మన సికింద్రాబాదులో రైలు పట్టాల ప్రక్కనున్న బస్తీలలో గృహదర్శనములు చేయునప్పుడు మేము చూచునది ఇది: తెల్లవారి ఐదు గంటలకు తల్లి బయలుదేరును. ఊడ్చు పనికో, అపార్టుమెంటులలో అంట్లు తోము పనికో, మోండా మార్కెట్టులో గంప మోయుటకో. తండ్రి ఉన్నయెడల కూలి అడ్డా మీదికి పోవును. మూడేండ్ల బిడ్డను చూచుటకు తొమ్మిదేండ్ల అక్క ఇంట ఉండవలెను; అనగా ఆ అక్కకు బడి లేదు. అక్క బడికి పోయినయెడల గదికి బయటనుండి గొళ్లెము. ఒక తల్లి మాతో ఇట్లనెను: "అయ్యగారూ, గొళ్లెం పెట్టకపోతే పోరడు పట్టాల మీదికి పోతడు. పెడితే లోపల ఏడ్చి ఏడ్చి పండుకుంటడు. ఏం జెయ్యమంటరు చెప్పండి."

ఆమెకు ప్రసంగము అక్కరలేదు. ఆ గల్లీలో ఒక గది, ఆ గదిలో నమ్మదగిన ఒక మనిషి కావలెను. 1975 అక్టోబరు 2న దేశములో ఐ.సి.డి.ఎస్. పథకము మొదలైనప్పటినుండి అంగన్‌వాడీలు వచ్చినవి. అవి చేసిన మేలు చిన్నది కాదు. అయితే అంగన్‌వాడీ తలుపు మధ్యాహ్నము దాటిన తరువాత మూతపడును, తల్లి ఇంటికి వచ్చునది సాయంత్రము. ఈ నడుమనున్న మూడు నాలుగు గంటలలోనే బిడ్డలకు అపాయము. "నేను చూచుకొందునులే అక్కా" అని ముందుకు వచ్చు పొరుగువాడు మంచివాడే కావచ్చును, కాకపోవచ్చును. తల్లికి ఎన్నుకొను స్వేచ్ఛ లేదు. చూచితిరా, ఒక గది లేకపోవుటవలన చిన్నవానికి నిర్లక్ష్యము, అక్కకు చదువు నష్టము, ఇద్దరికిని వేరొక భయము. మూడును ఒకే తలుపునుండి లోపలికి వచ్చుచున్నవి. ఆ తలుపు దగ్గర ఒక మనిషిని నిలుపుటకు అగు ఖర్చునే మనము నివారణ ఖర్చు అనుచున్నాము.

మోషే జననకథ సండేస్కూలు పిల్లలకు కూడ తెలిసినదే. జమ్ము పెట్టెకు జిగటమన్ను, కీలు పూసినది తల్లి. దూరమున నిలువబడి చూచుచుండినది అక్క. ఆ అక్క అక్కడ నిలిచినందువలన ఏమి జరిగినది? బిడ్డ మరల తన తల్లి ఒడిలోనికే పోయెను. మనము తరచుగా గమనింపని మాట ఒకటి అక్కడ ఉన్నది. రాజకుమార్తె ఆ తల్లికి జీతము ఇచ్చెదనని చెప్పెను. కన్నతల్లి తన బిడ్డను తానే పెంచుకొనుటకు జీతము! బిడ్డను ఆశ్రమములో వేయలేదు, కుటుంబమునుండి తీయలేదు, కుటుంబము చేతికే డబ్బు ఇచ్చినది. ఫరో ఇంటి ఆడపిల్లకు తోచిన ఈ ఆలోచనకు నేడు మన సర్కారు కాగితములలో స్పాన్సర్‌షిప్ అని పేరు. ఆ సంగతికి మరల వత్తుము.

ఇక మన ఊరి ఉదాహరణ. దూరమునకు పోనక్కరలేదు, వెస్టు మారేడుపల్లికి పోయిన చాలును. రాజనీతి శాస్త్రాచార్యులైన మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో ఎం.వి. ఫౌండేషను అను సంస్థ స్థాపింపబడెను. ఆయన మనుమరాలు శాంతా సిన్హాగారు విశ్వవిద్యాలయములో బోధించుచునే 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో ఈ సంస్థ ద్వారా పిల్లల పని ప్రారంభించిరి. వారు పట్టుకొన్న సూత్రము ఒకటే. బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలో ఉన్న బిడ్డయే. పశువులు కాయుటయు పనియే, చెల్లెలిని ఎత్తుకొని ఇంట కూర్చుండుటయు పనియే. ఆ రోజులలో ఈ మాట చాలమందికి మొండిమాటగా వినబడెను. "బీదవారు పిల్లలను పనికి పంపక ఏమి తిందురు?" అనుట అప్పటి పెద్దల వాడుక. వీరు పల్లెలకు పోయి అడుగగా, బిడ్డ చదువుకొనవలెనని కోరని తల్లిదండ్రులు బహు కొద్దిమంది. వారికి లేనిది కోరిక కాదు. బడిలో చేర్చు దారి, మాస్టరుగారిని అడుగు ధైర్యము, వయస్సు మీరిన బిడ్డను ఏ తరగతిలో కూర్చుండబెట్టవలెనో చెప్పు మనిషి, ఇవి వారికి లేవు.

అందుకు శిబిరములు పెట్టిరి. పదేండ్లు దాటి అక్షరము రాని పిల్లలను కొన్ని నెలలు అక్కడ ఉంచి, వారి వయస్సుకు తగిన తరగతికి సిద్ధపరచి బడికి పంపిరి. అయితే మేము ఈ సభకు ముఖ్యముగా చెప్పవలెనను సంగతి శిబిరము కాదు. ఆ డబ్బు ఎక్కువగా దేనిమీద ఖర్చయినదో అది. గోడలమీద కాదు, మనుష్యులమీద. ఆ పల్లెలలోని యువకులు, యువతులే కార్యకర్తలు. వారిలో అనేకులు తమ ఇంటిలో మొదటిగా చదువుకొన్నవారు. ఇల్లిల్లు తిరిగిరి. రైతు దగ్గర జీతమునకు ఉన్న పిల్లవానిని విడిపించుటకు ఆ రైతుతోనే కూర్చుండి మాటలాడిరి, తిట్లు తినిరి, మరల పోయిరి. గ్రామములలో బాలల హక్కుల పరిరక్షణ వేదికలు ఏర్పడినవి. సర్పంచులు, ఉపాధ్యాయులు, ఒకప్పుడు పిల్లలను పనిలో పెట్టుకొన్న యజమానులు కూడ అందులో చేరిరి. బాల్యవివాహము జరుగబోవునని తెలిసినప్పుడు ముందు పోయి కూర్చుండువారు వీరే. 1998లో శాంతా సిన్హాగారికి పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసె పురస్కారము వచ్చినవి. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషను ఏర్పడినప్పుడు ఆమెయే మొదటి అధ్యక్షురాలు.

ఒక చిన్న మాట. ఇల్లిల్లు తిరుగు మనిషి అనగానే మన పెద్దలకు ఎవరు జ్ఞాపకము రావలెను? మన బైబిలు స్త్రీ! తెల్లచీర కట్టి, చేతిలో సంచితో, ఎండలో వాడవాడ తిరిగి, ఏ ఇంట బాలింత ఉన్నది, ఏ ఇంట బిడ్డకు జ్వరము, ఏ కోడలు ఏడ్చుచున్నది అన్నియు తెలిసినది. ఆమెకు సంఘమే జీతమిచ్చినది. అది కట్టడము కాదు, ఫలకము లేదు, అయినను ఇచ్చినది. కనబడని పనికి డబ్బు ఇచ్చు అలవాటు మనకు తక్కువ అని పైన చెప్పితిమి. ఒకప్పుడు ఆ అలవాటు ఇంతకంటె ఎక్కువగా ఉండెను.

ఇప్పుడు డబ్బు ఎక్కడున్నదో చూతము. "ఇది గవర్నమెంటు పని గదా" అని వెనుక వరుసలోనివారు అనుకొనుచున్నారని మాకు తెలియును. అవును, గవర్నమెంటు పనియే. పిల్లల రక్షణకు కేంద్రము నడుపు పథకమునకు మిషన్ వాత్సల్య అని పేరు. 2009లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకమే రూపము మారి ఇట్లయినది. మన రాష్ట్రమువంటి వాటిలో కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించవలెను. 2023-24 బడ్జెటులో కేంద్రము దానికి చూపినది 1,472 కోట్లు. పెద్ద మొత్తమే అనిపించును. ఆ సంవత్సరపు కేంద్రబడ్జెటు మొత్తము సుమారు 45 లక్షల కోట్లు. భాగించి చూడుడి, నూరు రూపాయలలో మూడు పైసలు. ఆ మూడు పైసలలోనే బాలల సదనములు, కమిటీలు, జిల్లా అధికారుల జీతములు, అన్నియు. అపాయము జరిగిన తరువాతి పనికే అది చాలదు. జరుగకముందు చేయవలసిన పనికి ఏమి మిగులును?

అయినను ఆ మూడు పైసలలో మనవారికి రావలసినది ఉన్నది, దానిని తెచ్చుకొనుట మన పని. ఇందాక చెప్పిన స్పాన్సర్‌షిప్ అదే. తండ్రి చనిపోయి తల్లి ఒంటరిగా పెంచు బిడ్డకు, విడువబడిన తల్లి బిడ్డకు, తల్లిదండ్రులు లేక అమ్మమ్మ ఇంట పెరుగు బిడ్డకు, తల్లిదండ్రులకు ప్రాణాంతక వ్యాధి ఉన్న బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. పట్టణములో కుటుంబ ఆదాయము ఏడాదికి 96,000, గ్రామములో 72,000 మించరాదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు దరఖాస్తు పెట్టవలెను. ఈ పథకము పేరైనను వినని విధవరాండ్రు మన సంఘములలోనే ఉన్నారు. ఆమెకు ఆఫీసు దారి చూపి, కాగితము నింపి, రెండవసారి మూడవసారి వెంట పోవు మనిషికి ఒక బస్సుపాసు కొనిచ్చితిమా, మన వందల రూపాయలు ఆమెకు వేలు తెచ్చును. ఇంతకంటె లాభమైన కానుక మాకు తోచదు.

విదేశీ సొమ్ము సంగతి త్వరగా చెప్పి ముగింతుము. మన తాతల కాలములో మిషను డబ్బు వచ్చెడిది. నేడు 2010 నాటి విదేశీ విరాళముల చట్టము ఉన్నది. 2020 సెప్టెంబరు సవరణ తరువాత ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళమును మరియొక సంస్థకు పంచి ఇయ్యరాదు, పరిపాలన ఖర్చు నూటికి 50 నుండి 20కి తగ్గింపబడెను. వాడలో పని చేయు చిన్న సంఘములు పెద్ద సంస్థలనుండి పొందుచుండిన పాలు ఆగిపోయినది. ఆ చట్టము మంచిదా చెడ్డదా అను వాదము ఇక్కడ వద్దు. కంపెనీల డబ్బు ఉన్నది. 2013 కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు లాభములో రెండు శాతము సామాజిక పనులకు ఇయ్యవలెను. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. అయితే కంపెనీవారు సాధారణముగా రిబ్బను కత్తిరించగల వస్తువును కోరుదురు, ఒక సంవత్సరము ఇచ్చి మరుసటి సంవత్సరము మరియొకచోటికి పోవుదురు. బస్తీలో తల్లులు ఒక మనిషిని నమ్ముటకే ఏడాది పట్టును. నమ్మకము కుదిరిన రోజున "ప్రాజెక్టు అయిపోయినది" అని ఆమె వెళ్లిపోయిన, మొదలుపెట్టకపోవుటయే మేలు. కాబట్టి మొదటి డబ్బు, నిలుకడ గల డబ్బు, మనదే కావలెను.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు విప్పుకొనిరో ఒక ముక్క చెప్పుదుము. అమెరికాలో రే హెల్ఫర్ అను పిల్లల డాక్టరుకు ఒక ఆలోచన తోచెను. నివారణకు ఎవరును డబ్బు ఇయ్యరు గనుక, దానికని వేరే ఒక నిధి ఉండవలెను, ఆ నిధికి ప్రతి యేడు తప్పక నీరు పారు కాలువ ఒకటి ఉండవలెను. 1980లో కాన్సాస్ రాష్ట్రము ఆ మాట విని మొట్టమొదటి బాలల నిధిని పెట్టినది. కాలువ ఏదనుకొన్నారు? పెండ్లి లైసెన్సు రుసుము! క్రొత్త కుటుంబము కట్టుకొను ప్రతి జంట నుండి కొద్దిగా ఎక్కువ తీసికొని, బిడ్డల రక్షణ నిధిలో వేసిరి. తరువాత ఇతర రాష్ట్రములును అట్టి నిధులు పెట్టినవి. ఇక అటువంటి డబ్బుతో ఏమి చేసిన ఫలము వచ్చునని అడిగినయెడల, న్యూయార్కు రాష్ట్రములోని ఎల్మైరా అను ఊరిలో 1970ల చివర డేవిడ్ ఓల్డ్స్ అను ఆయన చేసిన ప్రయత్నము ఉన్నది. తొలిచూలు గర్భిణుల ఇండ్లకు నర్సులు పోయిరి, బిడ్డకు రెండేండ్లు వచ్చువరకు పోవుచునే యుండిరి. పదునైదేండ్ల తరువాత లెక్క చూడగా, నర్సు పోయిన కుటుంబములలో దౌర్జన్యము, నిర్లక్ష్యము దాదాపు సగమునకు తగ్గినవి. మందు లేదు, యంత్రము లేదు. ఇంటికి పోయిన మనిషి. మరల మన బైబిలు స్త్రీయే!

పెండ్లి కాలువ మనకు సరిగా కుదురును. మన గుళ్లలో ఏటేట ఎన్ని వివాహములు జరుగుచున్నవి? కల్యాణమంటపమునకు, వీడియోకు, పూలకు అగు ఖర్చు మీకు తెలియనిది కాదు. మేము ప్రతి పెండ్లికి వచ్చి భోంచేయువారమే గనుక ఎక్కువ మాటలాడము. పెండ్లి రిజిస్టరులో సంతకము పెట్టు బల్లమీదనే ఒక చిన్న రసీదు పుస్తకము పెట్టుదము. బిడ్డల పద్దుకు వధువు పక్షమువారు 500, వరుని పక్షమువారు 500. బాప్తిస్మపు కృతజ్ఞతార్పణలో ఒక పాలు. కోత పండుగ వేలములో ఒక గుమ్మడికాయ ఈ పద్దు పేర పాడుదము.

ఇక నెలవారి చందా. మన అమ్మమ్మలు ఎసరులో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి కుండలో వేసెడివారు, ఆదివారము గుడికి తెచ్చెడివారు. ఆ పిడికిళ్లతో గురువుల జీతములు ఇచ్చిన సంఘములు మనవి. నేడు ఆ పిడికిలికి 100 రూపాయలు అని వెల కట్టుదము. ఒక పాస్టరేటులో 400 కుటుంబములు అనుకొందము. నెలకు 40,000 రూపాయలు. ఇద్దరు స్త్రీలకు జీతము తలకు 13,000 చొప్పున 26,000. బస్తీలోనే ఒక గది అద్దె 7,000. పాలు, గ్రుడ్లు, గ్యాసు 5,000. బస్సుపాసులు, ఫోను, పుస్తకములు 2,000. సరిపోయినది. ఒక స్త్రీ గదిలో పిల్లలతో ఉండగా మరియొకతె ఇండ్లకు పోవును, బడి మానిన పిల్లల లెక్క చూచును, దరఖాస్తులు నింపును; మధ్యాహ్నము తరువాత ఇద్దరును గదిలోనే ఉందురు. పెండ్లి డబ్బు, కోత పండుగ డబ్బు ముట్టుకొనకుండ బ్యాంకులో వేయవలెను. ఆరు నెలల జీతము నిలువ ఉన్నప్పుడే పని నిలుకడగా సాగును.

"ఇది మన పిల్లలకా, అందరికా?" అను ప్రశ్న ఒక పెద్ద ఇదివరకే అడిగెను. గొళ్లెము పెట్టిన గదిలో ఏడ్చు బిడ్డను ఏ మతమని అడిగి తలుపు తీయుదుమా? గది అందరిది. ఆ గదిలో బోధ చేయము, ప్రార్థన చీటీలు పంచము. తల్లికి అనుమానము వచ్చిన ఆ మరునాడే బిడ్డ రాదు.

కొన్ని షరతులు మేము గట్టిగానే చెప్పవలెను. ఇవి లేనియెడల డబ్బు పోగుచేయకుండుటయే మంచిది. పిల్లల ఫోటోలు దాతలకు పంపరాదు, నోటీసుబోర్డుమీద అంటింపరాదు. బిడ్డలతో ఏ పెద్ద మనిషియు, గురువైనను, వార్డెనైనను, మూసిన తలుపు వెనుక ఒంటరిగా ఉండరాదు. ఈ షరతు మన సండేస్కూలుకును, మన బోర్డింగు హాస్టళ్లకును వర్తించును. అక్కడ మొదటి ఖర్చు క్రొత్త బ్లాకు కాదు. ఆడపిల్లల స్నానపుగదులకు లోపలి గడియలు, వరండాలో లైట్లు, రాత్రి కాపలాకు నమ్మదగిన స్త్రీ. గడియకు శిలాఫలకము వేయలేము, నిజమే.

ఇంకొకటి, అన్నిటికంటె కష్టమైనది. 2012 నవంబరు 14 నుండి పోక్సో చట్టము అమలులో ఉన్నది. బిడ్డపై లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసిన ఏ మనిషియైనను పోలీసులకు తెలియజేయవలెను. తెలిసియు తెలుపనివానికి ఆరు నెలల వరకు శిక్ష, సంస్థకు అధిపతియైతే ఏడాది వరకు. గురువు అని, పెద్ద అని మినహాయింపు లేదు. అయినను ఇట్టివి జరిగినప్పుడు "అయ్యగారూ, బయటికి పోతే అమ్మాయి పెండ్లి కాదు, మీరే ఇద్దరిని కూర్చుండబెట్టి మాటలాడండి" అని అడుగువారు ఉన్నారు. వారి భయము మాకు తెలియును. ఆ భయము నిజమైనదే. కూర్చుండబెట్టము. కూర్చుండబెట్టి మాటలాడి పంపిన మనిషి రేపు మరియొక ఇంటి తలుపు తట్టును. మనము చేయగలది ఆ కుటుంబముతో పోలీసు స్టేషనుకు, 2016లో హైదరాబాదులో తెరువబడిన భరోసా కేంద్రమునకు, కోర్టుకు వెంట నడుచుట, ఆ రోజులలో వారి కూలి నష్టపోకుండ చూచుట. ఈ పద్దులో దానికి కొంత తీసి యుంచవలెను. బిడ్డల పద్దుకు పెద్ద చందా ఇచ్చిన ఇంటివాడే తప్పు చేసినను ఇదే పద్ధతి. అందుకే పద్దు చూచు కమిటీలో కనీసము సగము మంది స్త్రీలు ఉండవలెను, ఒకరైనను మన సంఘమునకు బయటివారు, డాక్టరో వకీలో ఉండవలెను.

1098 నంబరు సంగతి కూడ అందరికి తెలియవలెను. 1996లో బొంబాయిలో స్వచ్ఛంద సేవగా మొదలైన చైల్డులైను అది. 2023 నుండి ప్రభుత్వమే నడుపుచున్నది, 112తో కలిపినది. ఇల్లు విడిచి రైలెక్కి మన స్టేషనులో దిగు పిల్లవానిని చూచినప్పుడు బిస్కెట్టు పొట్లము కొనిచ్చి సాగిపోక, ఆ నంబరుకు ఫోను చేసి, ఎవరైన వచ్చువరకు వానితో నిలువబడుడి. దీనికి డబ్బు అక్కరలేదు, అరగంట చాలును.

ఏడాది గడచిన తరువాత లెక్క చెప్పునప్పుడు కమిటీవారిని "ఎంతమందిని రక్షించితిరి?" అని అడుగకుడి. దానికి నిజమైన జవాబు లేదు. జవాబు చెప్పినవాడు ఏదో కల్పించి చెప్పును. గది ఎన్ని దినములు తెరచి యుండెను, ఎందరు అక్కలు బడిలో నిలిచిరి, ఎన్ని స్పాన్సర్‌షిప్ దరఖాస్తులు మంజూరైనవి, 1098కి ఎన్నిసార్లు ఫోను చేయబడెను, ఇవి అడుగుడి. మొదటి సంవత్సరము ఫిర్యాదుల సంఖ్య పెరిగినయెడల భయపడి పని ఆపకుడి. క్రొత్తగా పాపము పుట్టినదని కాదు, చెప్పుకొనుటకు ఒక మనిషి దొరికినదని అర్థము.

స్త్రీల మైత్రివారు ఇప్పటికే ఒక పని ఒప్పుకొనిరి. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత గుడి వరండాలో బల్ల వేసికొని కూర్చుందురు. ఒంటరిగా బిడ్డలను పెంచు తల్లులు, మనుమలను పెంచు అమ్మమ్మలు, తాతలు తమ దగ్గరనున్న కాగితములు తెచ్చుకొనవలెను: ఆధార్, బ్యాంకు పుస్తకము, ఆదాయ పత్రము, బడినుండి ఒక చీటీ, తండ్రి లేనియెడల మరణ ధ్రువపత్రము. ఏదైనను లేకపోయినను రండి, అది ఎక్కడ తీసికొనవలెనో చెప్పుదురు. మీ సంఘమువారు కాకపోయినను మీ ఇంట పని చేయు ఆమెను, మీ వీధి చివర ఇస్త్రీ బండి నడుపు ఆమెను వెంట తీసికొని రండి. యౌవనస్థులలో వ్రాత బాగున్నవారు నలుగురు, స్కూటరు ఉన్నవారు ఇద్దరు కావలెను. పేర్లు ఇప్పుడే సెక్రటరీగారికి ఇయ్యవచ్చును.